పాలచక్కెర పెట్టిన చిక్కు

పాలు పడనివాళ్లు మీ ఇంట్లో ఎవరైనా ఉన్నారా? ఉండే ఉంటారు. పెళ్లి భోజనంలో పాయసం రెండోసారి వేయించుకుని, సాయంత్రానికి పొట్ట పట్టుకుని ఓ మూల కూర్చునే బాబాయి లేని ఇల్లు నేను చూడలేదు. "నాకు పాలు పడవురా" అని మొహమాటంగా చెబుతాడు పాపం. మొహమాటం ఎందుకు? ప్రపంచం మొత్తం మీద పెద్దవాళ్లలో మూడింట రెండొంతుల మందిది ఆయన పార్టీయే. పాలు మానే వయసు దాటాక పాలు సరిగా అరగకపోవడం క్షీరదాలకు మామూలు సంగతి. ముప్పై ఏళ్లొచ్చాక కూడా గ్లాసుడు పాలు గటగటా తాగి, ఏమీ ఎరగనట్టు తిరిగేవాళ్లే వింత మనుషులు.

కారణం చాలామంది వినే ఉంటారు. పాలలో లాక్టోజ్ అనే చక్కెర ఉంటుంది. దాన్ని విడగొట్టడానికి చిన్నపేగుల్లో లాక్టేజ్ అనే ఎంజైమ్ కావాలి. అది చాలకపోతే చక్కెర అరక్కుండా పెద్దపేగుల్లోకి జారుతుంది, అక్కడి బాక్టీరియా పండగ చేసుకుంటాయి, ఆ పండగ తాలూకు గ్యాసే బాబాయి పొట్టలో గుడగుడ. డాక్టర్లు ఇంతవరకూ చెప్పి ఆపేస్తారు. నాకు రుచించే ముక్క ఆ తర్వాత ఉంది. లాక్టేజ్‌ని తయారుచేసే జన్యువు బాబాయిలో పోలేదు, పాడవలేదు. ఆయన పేగు కణాల్లో రెండో నంబరు క్రోమోజోము మీద ఇవాళ్టికీ నిక్షేపంగా ఉంది. పసితనంలో అమ్మపాలు అరిగించింది ఆ జన్యువే. మరి ఇప్పుడెందుకు పలకదు?

ఆలోచిస్తే ఇది ఒక్క బాబాయి గొడవ కాదు. మన ఒంట్లో దాదాపు ప్రతి కణంలోనూ అవే జన్యువులు, ప్రోటీన్లు తయారుచేసేవే ఓ ఇరవై వేలు. కంటి కణంలోనూ లాక్టేజ్ జన్యువు ఉంది, పేగు కణంలోనూ కంటికి కావలసిన జన్యువులున్నాయి. అయినా కంట్లో లాక్టేజ్ పుట్టదు, పేగుకి చూపు రాదు. జన్యువు పలకడమంటే దానిలో ఉన్న రాతకు ఆర్ఎన్ఏ రూపంలో ఓ నకలు తయారవడం. ఇంటర్ పుస్తకాల్లో అనులేఖనం అని చదువుకున్నాం, పరీక్ష రాసి మర్చిపోయాం. ఆ నకలు తీసే యంత్రం పేరు ఆర్ఎన్ఏ పాలిమరేజ్. పుస్తకంలో బొమ్మ వేసి బాణం గుర్తు పెట్టి వదిలేస్తారు గానీ, ఏ జన్యువుకి ఎప్పుడు నకలు తీయాలో దానికి చెప్పేదెవరన్న సంగతి చివరి పేరాలోకి తోసేస్తారు. నన్నడిగితే అసలు కథంతా ఆ చివరి పేరాలోనే ఉంది.

దీనికి మొదటి సరైన జవాబు మనిషిలో దొరకలేదు, మన పేగుల్లో ఉండే ఈ-కోలై బాక్టీరియాలో దొరికింది. చిత్రమేమిటంటే అక్కడా గొడవ పాలచక్కెర గురించే.

1940. పారిస్ జర్మన్ల చేతిలో ఉంది. సోర్బాన్‌లో జాక్ మోనో అనే ముప్పై ఏళ్ల మనిషి పీహెచ్‌డీ కోసం బాక్టీరియా పెంచుతున్నాడు. సీసాలో రెండు రకాల చక్కెరలు కలిపి పోసి, బాక్టీరియా ఎంత వేగంగా పెరుగుతోందో గంట గంటకీ కొలిచి గీత గీస్తున్నాడు. కొన్ని జోడీలకు గీత చక్కగా పైకి లేచి ఆగిపోయేది. కొన్నిటికి మాత్రం విడ్డూరంగా వచ్చేది. పైకి లేస్తుంది, ఉన్నట్టుండి చదునైపోతుంది, కాసేపు అలాగే ఉండి మళ్లీ లేస్తుంది. గ్లూకోజ్, లాక్టోజ్ కలిపినా ఇదే వరస. అంటే బాక్టీరియా ముందు గ్లూకోజ్ అంతా ఊడ్చేసి, కాసేపు ఊరుకుని, అప్పుడు లాక్టోజ్ మీదికి వెళుతోంది. ఆ ఊరుకున్న కాసేపట్లో అది ఏం చేస్తోంది?

మోనో ఆ గీత పట్టుకుని పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్‌లో ఆంద్రే ల్వోఫ్ దగ్గరికి వెళ్లాడు. కొత్త తిండికి తగ్గ ఎంజైమ్ తయారుచేసుకుంటోందేమో అన్నాడాయన. అలాంటిది ఒకటుందని మోనో అప్పటిదాకా వినలేదట. తర్వాతి జీవితమంతా దానికే ధారపోశాడు. మధ్యలో యుద్ధం. జర్మన్ల మీద రహస్యంగా పోరాడే దళాల్లో చేరి పెద్ద బాధ్యతలే మోశాడు. తన గది బయట ప్రదర్శనకు పెట్టిన జిరాఫీ కాలి బోలు ఎముకల్లో రహస్య కాగితాలు దాచేవాడని చెప్పుకుంటారు. సైన్స్ చరిత్రలో జిరాఫీకి ఇంతకంటే పెద్ద పాత్ర నాకైతే తెలీదు.

యుద్ధం అయ్యాక కథలోకి ఇంకొకాయన వచ్చాడు, ఫ్రాన్సువా జాకోబ్. సర్జన్ కావాలని చదువుకుంటూ యుద్ధానికి వెళ్లాడు. 1944లో నార్మండీలో బాంబు ముక్కలు ఒళ్లంతా దిగాయి. చెయ్యి దెబ్బతిని సర్జరీ ఆశ పోయింది. చివరికి ల్వోఫ్ కాళ్లావేళ్లా పడి, పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్ అటకగదుల్లో చోటు సంపాదించాడు. ఆయన పని వైరస్‌ల మీద. బాక్టీరియాలో చొరబడి ఏళ్ల తరబడి కిక్కురుమనకుండా నిద్రపోయి, అతినీలలోహిత కాంతి తగలగానే లేచి ఇల్లు కూల్చేసే వైరస్‌లు. 1958 జూలైలో ఓ రోజు భార్యతో సినిమాకి వెళ్లి కూర్చుంటే, తెర మీద ఏం నడుస్తోందో ఎక్కలేదట. నిద్రపోతున్న వైరస్, పలకని లాక్టోజ్ జన్యువు, రెండూ ఒకటే సంగతి కదా అని తట్టిందట. రెండుచోట్లా ఎవరో వచ్చి డీఎన్ఏ మీదే కూర్చుని నోరు నొక్కేస్తున్నారు.

అంతకు కొన్నాళ్ల ముందు దాకా ల్యాబులో లెక్క వేరేలా ఉండేది. లాక్టోజ్ వచ్చి జన్యువుని లేపుతుందని మోనో నమ్మకం. కొన్ని పాడైన రకాలు లాక్టోజ్ ఉన్నా లేకపోయినా ఎంజైమ్ తయారుచేస్తూనే ఉండేవి. వాటికి లోపల్లోపలే లేపేది ఏదో పుడుతోందని ఆయన అనుకున్నాడు. దీన్ని తేల్చడానికి అమెరికా నుంచి వచ్చిన ఆర్థర్ పార్డీతో కలిసి ఒక ప్రయోగం పెట్టారు. బాక్టీరియాలో మగవి ఆడవాటికి డీఎన్ఏ పోగుని మెల్లగా ఎక్కిస్తాయి. లాక్టోజ్ జన్యువు, దాని పక్కనే ఉండే అదుపు జన్యువు, రెండూ చెడిపోయిన ఆడ కణంలోకి, రెండూ బాగున్న పోగు ఎక్కించారు. లాక్టోజ్ చుక్క కూడా వేయలేదు. మోనో లెక్క ప్రకారం చెడిపోయిన కణంలో లేపేది ఎప్పుడూ ఉంటుంది కాబట్టి ఎంజైమ్ పుడుతూనే ఉండాలి. పోగు లోపలికి వెళ్లిన రెండు మూడు నిమిషాల్లోనే ఎంజైమ్ మొదలైంది. బాగానే ఉంది. కానీ గంటా గంటన్నర గడిచాక ఆగిపోయింది! అంటే కొత్తగా వచ్చిన అదుపు జన్యువు తీరిగ్గా ఏదో తయారుచేసింది, అది పోగయ్యాక ఎంజైమ్ జన్యువు నోరు మూసింది. లేపేవాడు ఎవడూ లేడు, నొక్కేవాడే ఉన్నాడు. లాక్టోజ్ చేసే పనల్లా నొక్కేవాణ్ని పక్కకు లాగడమే. ఇలా తిరగేసి చూడమని భౌతిక శాస్త్రవేత్త లియో సిలార్డ్ అంతకుముందే పోరు పెట్టాడట.

ఆ నొక్కేవాడికి రెప్రెసర్ అని పేరు పెట్టారు, డీఎన్ఏ మీద వాడు కూర్చునే చోటుకి ఆపరేటర్ అని. 1961లో జాకోబ్, మోనో కలిసి పెద్ద వ్యాసం రాశారు, 1965లో ల్వోఫ్‌తో కలిపి ముగ్గురికీ నోబెల్ వచ్చింది. ఇంతా జరిగినప్పటికి రెప్రెసర్‌ని కంటితో చూసినవాడు లేడు. అది ఆర్ఎన్ఏ కావచ్చని కూడా ఆ వ్యాసంలో అనుకున్నారు.

ఇక్కడ ఒక సంగతి దగ్గరుండి చూడాలి, ఎందుకంటే ముందు ముందు మళ్లీ పనికొస్తుంది. చూడకుండా ఇద్దరు వేరువేరు పాత్రధారులున్నారని ఎలా తేల్చారు? బాక్టీరియాలో లాక్టోజ్ జన్యువుల సెట్టు రెండోది కూడా పెట్టొచ్చు. రెప్రెసర్ జన్యువు ఒక సెట్టులో చెడిపోయి, రెండో సెట్టులో బాగుందనుకోండి. రెండు సెట్లూ బుద్ధిగా అదుపులో ఉంటాయి. ఎందుకంటే రెప్రెసర్ అనేది కణంలో తిరుగాడే వస్తువు, ఒకచోట పుట్టి ఎక్కడికైనా వెళ్లగలదు. కానీ ఆపరేటర్ చెడిపోయిందనుకోండి, కథ వేరు. చెడిన ఆపరేటర్ పక్కనున్న సెట్టు మాత్రమే అదుపు తప్పి పలుకుతుంది. అదే కణంలో, అదే రెప్రెసర్ కింద, రెండో సెట్టు నోరు మూసుకునే ఉంటుంది. ఆపరేటర్ ఎక్కడికీ వెళ్లదు. అది డీఎన్ఏ ముక్క, తనకు అంటుకుని ఉన్నదాన్నే శాసించగలదు. ఏ మైక్రోస్కోపూ లేకుండా, పళ్లేల్లో ఏ రకం పెరిగింది, ఏది పెరగలేదు అని లెక్కపెట్టి ఇంత మాట తేల్చడం, నాకు ఆ నోబెల్ కంటే పెద్ద విషయంగా తోస్తుంది.

రెప్రెసర్‌ని పట్టుకున్నది 1966లో, హార్వర్డ్‌లో వాల్టర్ గిల్బర్ట్, బెనో ముల్లర్-హిల్. కష్టం ఎక్కడుందంటే, ఒక్కో ఈ-కోలై కణంలో ప్రోటీన్ అణువులు లక్షల్లో ఉంటే, అందులో రెప్రెసర్లు ఓ పది. అది కూడా లాక్టోజ్ లాంటి ఐపీటీజీ అనే పదార్థాన్ని పట్టుకుంటుందన్న ఒక్క గుర్తుతో వెతకాలి. కణాల రసం పోసిన సంచీని రేడియోధార్మిక ఐపీటీజీ కలిపిన నీళ్లలో వేలాడదీశారు. సంచీ లోపల రేడియోధార్మికత బయటికంటే రవ్వంత ఎక్కువైతే, లోపల దాన్ని పట్టుకున్నది ఎవరో ఉన్నట్టు. రవ్వంత ఎక్కువ వచ్చింది. ఆ రవ్వంతనే పట్టుకుని శుద్ధి చేసుకుంటూ పోతే తేలింది, అది ప్రోటీనే అని. మరుసటి ఏడాదే అక్కడే మార్క్ టాష్నే జాకోబ్ వైరస్ తాలూకు రెప్రెసర్‌ని కూడా పట్టుకుని, అది నేరుగా డీఎన్ఏకే అంటుకుంటుందని చూపించాడు. సినిమా హాల్లో తట్టిన ఊహకి దస్తావేజు దొరికినట్టయింది.

ఐపీటీజీ అంటే మన బయోటెక్నాలజీ ఎమ్మెస్సీ పిల్లలు ఇప్పటికే తలాడిస్తూ ఉంటారు. వాళ్ల చేత చేయించే తొలి ప్రయోగాల్లో ఇదొకటి. అగార్ పళ్లెంలో ఐపీటీజీ, ఎక్స్-గాల్ అనే ఇంకో పదార్థం కలిపి, బాక్టీరియా పూసి, 37 డిగ్రీల దగ్గర రాత్రంతా ఉంచుతారు. ఐపీటీజీ రెప్రెసర్‌ని డీఎన్ఏ మీంచి లేపేస్తుంది, ఎంజైమ్ పుడుతుంది, ఎక్స్-గాల్‌ని విరుస్తుంది, నీలం రంగు తేలుతుంది. పొద్దున్నే మూత తీస్తే సూదిమొనంత నీలం చుక్కలు, మధ్యమధ్య తెల్లవి. కొత్త డీఎన్ఏ ముక్క దూరి ఎంజైమ్ చెడిపోయినవి తెల్లవి. వాటినే టూత్‌పిక్‌తో గిల్లి తీసుకోవాలి. తొందరపడి తీస్తే పాలిపోయిన నీలాన్ని తెలుపనుకుంటారు. అందుకని పళ్లేన్ని కాసేపు ఫ్రిజ్‌లో పెడితే నీలం ముదిరి తేడా తెలుస్తుందని సీనియర్లు చెబుతారు. యుద్ధకాలపు పారిస్‌లో మోనోకి అర్థంకాని ఆ చదునైన గీతే ఇప్పుడు పిల్లల ప్రాక్టికల్ రికార్డులో నీలం చుక్కగా కూర్చుంది.

సరే, ఇప్పుడు కథలో మహా రుచికరమైన చోటుకొచ్చాం. ఈ-కోలై డీఎన్ఏలో ఏ, టీ, జీ, సీ అనే అక్షరాల జంటలు 46 లక్షలున్నాయి. అందులో ఆపరేటర్ ఇరవై ఒక్క అక్షరాలు. 1973లో గిల్బర్ట్, ఆలన్ మాక్సమ్ కలిసి ఆ ప్రాంతంలో 24 అక్షరాలు చదివారు, దానికి వాళ్లకి రెండేళ్లు పట్టింది! చదివితే ఏం కనిపించిందంటే, ఒక కొసన ఏ-ఏ-టీ-టీ-జీ-టీ అని మొదలవుతుంది. రెండో కొస నుంచి ఎదుటి పోగు మీద చదువుకుంటూ వచ్చినా ఏ-ఏ-టీ-టీ-జీ-టీ అనే వస్తుంది. కారణం రెప్రెసర్ జంటగా వచ్చి కూర్చోవడమే. ఒక ప్రోటీన్ ఈ సగాన్ని, దాని జోడీ ఆ సగాన్ని పట్టుకుంటాయి.

మరి చదవడమెలా? అక్షరాలు లోపలున్నాయి కదా, రెండు పోగులు పెనవేసుకుని ఉన్నాయి కదా, విప్పాలి కదా? అక్కర్లేదు. పెనవేసుకున్న డీఎన్ఏకి పొడుగునా ఒక వెడల్పు గాడి, ఒక ఇరుకు గాడి ఉంటాయి. వెడల్పు గాడిలోకి ప్రతి అక్షరం తన అంచుని కొంచెం బయటపెడుతుంది. ఏ-టీ జంట అంచు ఒకలా, టీ-ఏ అంచు ఇంకోలా, జీ-సీ ఇంకోలా ఉంటుంది. ఎక్కడ హైడ్రోజన్ ఇచ్చే మూల ఉంది, ఎక్కడ పుచ్చుకునే మూల ఉంది, ఎక్కడ బొడిపెలా మిథైల్ గుంపు పొడుచుకొచ్చింది అన్నదే తేడా. రెప్రెసర్‌లో ఓ చిన్న మెలిక చుట్ట సరిగ్గా ఆ గాడిలో ఇమిడే లావుంటుంది. దాని పక్కలకున్న అమైనో ఆమ్లాలు ఆ అంచులను తాకుతాయి. అన్ని తాకిళ్లూ కుదిరితే అతుక్కుంటుంది, ఒకటి రెండు కుదరకపోతే జారుతుంది. చూపు లేదు, తెలివి లేదు, ఉన్నదల్లా స్పర్శే.

46 లక్షల అక్షరాల్లో ఆ ఇరవై ఒక్కటీ వెతకడం మాటలా? 1970లో ఆర్థర్ రిగ్స్ బృందం కొలిస్తే, నీళ్లలో ఊరికే తేలుతూ ఢీకొంటే ఎంత వేగంగా దొరకాలో అంతకు వంద రెట్లు వేగంగా రెప్రెసర్ ఆపరేటర్‌ని చేరుతోంది. లెక్క కుదరదే! కరెంటు పోయిన రాత్రి మీరు స్విచ్చు కోసం ఏం చేస్తారు? గది మధ్యలో నిలబడి గాలిలో చేతులు ఊపరు. గోడ దగ్గరికి వెళ్లి, తడుముకుంటూ నాలుగడుగులు నడిచి, లేకపోతే ఎదుటి గోడకి మారి మళ్లీ తడుముతారు. రెప్రెసర్ చేసేది కూడా అంతే. డీఎన్ఏ ఎక్కడ దొరికితే అక్కడ వదులుగా అంటుకుని, నలభై యాభై అక్షరాల దూరం జారి, వదిలేసి, ఇంకో చోట పట్టుకుంటుంది. వెతుకులాటలో తొంభై పాళ్ల కాలం అలా డీఎన్ఏ మీదే గడుపుతుంది. స్వీడన్‌లో ఉప్సలా విశ్వవిద్యాలయంలో యోహాన్ ఎల్ఫ్ బృందం బతికున్న కణంలో ఒక్కొక్క రెప్రెసర్‌కి వెలుగు తగిలించి ఇదంతా చూశారు. అసలు చోటు ఎదురైనా చాలాసార్లు పట్టుకోకుండానే దాని మీదుగా జారిపోతుందట. మళ్లీ వెనక్కొచ్చి, ఎప్పటికో కుదురుకుంటుంది. ఒక్కటే అయితే నిమిషాల పని. కణంలో పది ఉండేది ఇందుకేనేమో అనిపిస్తుంది నాకు.

ఇంకో కొంటె ప్రశ్న. లాక్టోజ్ వచ్చి రెప్రెసర్‌ని లాగుతుంది అన్నాం. లాక్టోజ్ కణంలోకి రావాలంటే ద్వారం కావాలి, ఆ ద్వారాన్ని తయారుచేసే జన్యువు కూడా అదే రెప్రెసర్ కింద మూతబడి ఉంది. పైగా రెప్రెసర్‌ని లాగేది అచ్చంగా లాక్టోజ్ కాదు, దాని రూపం కొంచెం మార్చిన అల్లోలాక్టోజ్. ఆ మార్పు చేసేదెవరు? ఇంకా పుట్టని ఎంజైమే! పెళ్లి కుదిరితే గానీ పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గానీ పెళ్లి కుదరదు. ఈ ముడి విప్పుతున్నది రెప్రెసర్ తాలూకు పట్టు సడలడమే. అది శాశ్వతంగా అంటుకుని ఉండదు, అప్పుడప్పుడూ ఊడిపోతుంది. ఊడిన ఆ కాసేపట్లో పాలిమరేజ్ ఒక నకలు లాగేస్తుంది. అలా ప్రతి కణంలోనూ రెండో మూడో ద్వారాలు, నాలుగో అయిదో ఎంజైములు ఎప్పుడూ ఉంటాయి. చుట్టుపక్కల లాక్టోజ్ వచ్చిందని కబురు అందేది వాటి ద్వారానే. అందిన తర్వాత ఎంజైమ్ ఉత్పత్తి వెయ్యి రెట్లు పెరుగుతుంది. రెప్రెసర్ మరీ నిఖార్సుగా పట్టుకుని ఉంటే ఆ బాక్టీరియా పాలకుండలో పడేసినా ఆకలితో చచ్చేది. కొంచెం అలసత్వం ఉన్న కాపలావాడే ఇక్కడ మంచి కాపలావాడన్నమాట. ఆఫీసుల్లో ఈ మాట వాడుకోకండి.

గ్లూకోజ్ ఉన్నంతసేపూ లాక్టోజ్ జోలికి పోకపోవడం మాటేమిటంటారా? దానికి ఇంకో ప్రోటీన్ ఉంది, క్యాప్ అంటారు. గ్లూకోజ్ అడుగంటినప్పుడు కణంలో ఒక రసాయన సంకేతం పెరుగుతుంది, అది తగిలితే క్యాప్ వెళ్లి లాక్టోజ్ జన్యువుల ముందు డీఎన్ఏని పట్టుకుని దాదాపు లంబకోణంలో వంచుతుంది, పాలిమరేజ్‌కి ఆసరా దొరుకుతుంది. రెప్రెసర్ లేవాలి, క్యాప్ కూర్చోవాలి, అప్పుడే పూర్తి జోరు. మోనో గీతలో ఆ చదును ఈ రెండూ కుదిరి సరంజామా తయారయ్యేదాకా పట్టిన సమయం.

మరి బాబాయి సంగతి?

మనిషి కణంలో వ్యవహారం చాలా పెద్దది. రెండు మీటర్ల డీఎన్ఏ, దాన్ని పట్టుకుని జన్యువుల్ని లేపేవీ నొక్కేవీ కలిపి పదహారు వందల రకాల ప్రోటీన్లు. అవి జన్యువు ముంగిట్లోనే కూర్చోవాలని కూడా లేదు. వేల అక్షరాల దూరంలో కూర్చుంటే, మధ్యలో డీఎన్ఏ మడత పడి రెండు కొసలూ కలుస్తాయి. ఇది కూడా మనిషి గొప్ప కాదు, ఈ-కోలై రెప్రెసర్‌లో రెండు జంటలు కలిసి నాలుగై రెండు చోట్ల పట్టుకుని మధ్య డీఎన్ఏని మడత పెడతాయని ముల్లర్-హిల్ మనుషులే చూపించారు.

2002లో ఫిన్లాండ్‌లో పాలు పడేవాళ్లూ పడనివాళ్లూ కలిసి ఉన్న తొమ్మిది పెద్ద కుటుంబాల డీఎన్ఏ చదివారు. తేడా లాక్టేజ్ జన్యువులో దొరకలేదు. దానికి 13,910 అక్షరాల ముందు, పక్కనున్న ఎంసీఎం6 అనే ఏ సంబంధమూ లేని జన్యువు కడుపులో దొరికింది. అక్కడ సీ ఉన్నవాళ్లకి పెద్దయ్యాక పాలు పడవు, టీ ఉన్నవాళ్లకి పడతాయి. ఒక్క అక్షరం! ఆ అక్షరం మారితే ఏమవుతుందో డెన్మార్క్‌లో 2005లో చూశారు. ఆక్ట్-1 అనే ప్రోటీన్ టీ ఉన్న చోటుని సీ ఉన్నదానికంటే గట్టిగా పట్టుకుంటుంది. గాడి అంచులో ఒక తాకిడి మెరుగ్గా కుదిరింది, అంతే.

ఇది ఫిన్లాండ్ వాళ్ల ఒక్కళ్ల అదృష్టం కాదు. తూర్పు ఆఫ్రికాలో పశువుల కాపర్లకు కూడా పాలు బాగా పడతాయి, కానీ వాళ్లలో ఈ టీ కనబడలేదు. అదే ఇరుగుపొరుగులో, వంద అక్షరాల దూరంలో వేరే అక్షరం మారింది. అరబ్బుల్లో ఇంకోటి. ఎవరికి వారు విడివిడిగా ఆవునో ఒంటెనో పెంచుకుంటూ వచ్చి, మార్పు మాత్రం అదే మూల పడింది. మన దేశంలో రెండు వేల మందికి పైగా మనుషుల్ని పరీక్షించి 2012లో అచ్చువేసిన పరిశోధనలో హైదరాబాద్ సీసీఎంబీ శాస్త్రవేత్తలూ ఉన్నారు. మనవాళ్లలో ఉన్నది ఫిన్లాండ్‌లో దొరికిన ఆ టీయే, దాని చుట్టూ ఉన్న డీఎన్ఏతో సహా యూరప్ వాళ్లదీ మనదీ ఒకే మూలం. వాయవ్యంలో ఎక్కువ, దక్షిణానికీ తూర్పుకీ వచ్చేకొద్దీ తక్కువ.

"పాలు పడనివాడివి మరి గడ్డపెరుగు లాగిస్తావేరా" అని మా పిన్ని బాబాయిని దెప్పుతూ ఉంటుంది. అందులో తప్పేమీ లేదు పిన్నీ. తోడులోని బాక్టీరియా కొంత లాక్టోజ్‌ని ముందే తినేస్తుంది. మిగతాదాన్ని విరవడానికి తన ఎంజైమ్‌ని కూడా వెంటబెట్టుకుని ఆయన పేగుల్లోకి దిగుతుంది. ఆయన జన్యువు పలక్కపోతేనేం, పెరుగులో బాక్టీరియా జన్యువు పలికింది.

మీ ఇంట్లో ఎవరైనా సరదాపడి జన్యు పరీక్ష చేయించుకుంటే రిపోర్టులో సీసీ, సీటీ, టీటీ అని మూడింట్లో ఒకటి రాసి ఉంటుంది. అమ్మ నుంచి ఒకటి, నాన్న నుంచి ఒకటి కదా. సీసీ అయితే బాబాయి పార్టీ, టీటీ అయితే గ్లాసు పార్టీ. మధ్యలో సీటీ వాళ్ల మాటేమిటి? ఒక్క టీ ఉన్నా సాధారణంగా పాలు అరుగుతాయి. కారణం ఫిన్లాండ్ అక్షరం దొరకడానికి ఏడేళ్ల ముందే, 1995లో, లండన్‌లో డాలస్ స్వాలో బృందం పేగు ముక్కల్లో చూసి పెట్టింది. పాలు పడే పెద్దవాళ్ల పేగు కణాల్లో లాక్టేజ్ నకళ్లు ఎవరి వైపు నుంచి వస్తున్నాయో విడదీసి లెక్కపెట్టారు. కొందరిలో దాదాపు అన్నీ ఒక క్రోమోజోము నుంచే వస్తున్నాయి, రెండోది ఇంచుమించు నోరు మెదపడం లేదు. తిరుగాడే ప్రోటీన్‌లో తేడా ఉంటే రెండూ ఒకేలా పలకాలి, లేదా రెండూ ఒకేలా ఊరుకోవాలి. కాబట్టి మార్పు ఆ జన్యువుకి అంటుకుని ఉన్న డీఎన్ఏలోనే ఎక్కడో ఉండితీరాలని వాళ్లు రాశారు. చెడిన ఆపరేటర్ పక్క సెట్టుని మాత్రమే పలికిస్తుందని జాకోబ్, మోనో పళ్లేలు లెక్కపెట్టి తేల్చింది ఈ మాటే కదా. టీ అమ్మ వైపు నుంచి వచ్చిందనుకుంటే, సీటీ మనిషి పేగులో, ఒకే కణంలో, ఒకే ప్రోటీన్ల మధ్య, అమ్మ ఇచ్చిన లాక్టేజ్ జన్యువు నలభయ్యో ఏట కూడా పాలకోసం పనిచేస్తూ ఉంటుంది, నాన్న ఇచ్చింది చిన్నప్పుడే మూతబడి ఊరుకుంటుంది.